మూడు రకాల సున్నా: మైపాడు వైపు రొయ్యల గుంటల్లో ఒక డీఓ రీడింగ్ కేసు

ఇది నెల్లూరు జిల్లా ఇందుకూరుపేట మండలంలో, మైపాడు వైపు వనామి గుంటల దగ్గర చేసిన పని. నాది ఇన్‌స్ట్రుమెంటేషన్. సెన్సార్లు, వాటి కేబుళ్లు, అవి మాట్లాడుకునే ప్రోటోకాల్స్ చూస్తుంటాను. ఈ సిస్టమ్ నేను పెట్టింది కాదు. సెన్సార్ తయారుచేసింది ఒకరు, దాని రీడింగ్‌ను సర్వర్‌కు చేరవేసే గేట్‌వే ఇంకొకరిది, సర్వర్, ఫోన్ యాప్ నడిపేది మరొకరు. ముగ్గురూ "మా వైపు తప్పు లేదు" అని తేల్చేశాక రైతు నాకు ఫోన్ చేశాడు. ఎవరి కాగితం వాళ్లు తీసి చూపిస్తే ముగ్గురు చెప్పిందీ నిజమే. ఆ మూడు కాగితాలూ ఒకచోట పెట్టి ఎవరూ చదవలేదు, అంతే.

ఏం జరిగింది

రొయ్యల గుంటలో నీళ్లలో కరిగిన ఆక్సిజన్‌ను ఇక్కడ అందరూ డీఓ అనే అంటారు. పగలు నీటిలోని నాచు ఎండకు ఆక్సిజన్ తయారుచేస్తుంది, రాత్రి అదే నాచు రొయ్యలతో పాటు ఆక్సిజన్ వాడుకుంటుంది. అందుకే తెల్లవారే ముందు డీఓ అన్నిటికంటే కిందికి పోతుంది. లీటరుకు 4 మిల్లీగ్రాముల కంటే తగ్గనివ్వకూడదని రైతులు చూసుకుంటారు. ఈ గుంటల్లో రాత్రి నీళ్లలోకి గాలి కలిపే ఏరేటర్లు కొన్ని ఎప్పుడూ తిరుగుతుంటాయి. డీఓ 4 కంటే తగ్గితే మిగతావి వాటంతట అవే ఆన్ అయ్యేలా పెట్టారు.

ఆ రాత్రి కరెంటు పోయింది, జనరేటర్ వేశారు. రెండు దాటాక ఒక గుంట రీడింగ్ 4.61 దగ్గర ఆగింది. తెల్లవారుజామున కాపలా కుర్రాడు టార్చి వేసి చూసేసరికి రొయ్యలు గట్టు వారకు చేరి పైకి తేలుతున్నాయి. ఏరేటర్లన్నీ చేత్తో ఆన్ చేశాడు కాబట్టి గుంట నిలబడింది, కొంత సరుకు మాత్రం పోయింది. అప్పుడు కూడా ఫోన్‌లో 4.61 అనే ఉంది. దాని కింద చిన్న అక్షరాల్లో "ఇప్పుడే అప్‌డేట్ అయింది" అని కూడా ఉంది.

గ్రాఫ్ చూడగానే ఒక సంగతి పట్టుకోవచ్చు. నిజమైన డీఓ ఎప్పుడూ గీత గీసినట్టు ఉండదు, రెండో దశాంశంలోనైనా కదులుతూనే ఉంటుంది. గంటల తరబడి 4.61 అంటే అది కొలత కాదు, జ్ఞాపకం. ఎవరి జ్ఞాపకమన్నది తేల్చాలి.

తీగ మీద నిజంగా ఏం పోతోంది

సెన్సార్ ఆర్‌ఎస్-485 అనే రకం తీగ మీద మోడ్‌బస్ ఆర్‌టీయూ అనే ప్రోటోకాల్‌లో మాట్లాడుతుంది. మోడ్‌బస్‌ను మోడికాన్ కంపెనీ 1979లో తన పీఎల్‌సీల (ఫ్యాక్టరీ యంత్రాలను నడిపే చిన్న కంప్యూటర్ల) కోసం తెచ్చింది. అందులో కొలతల్లాంటి సంఖ్యలు ఉండేది రిజిస్టర్లు అనే 16 బిట్ల గడుల్లో. ఒక్కో రిజిస్టర్‌లో 0 నుంచి 65535 వరకు ఏ సంఖ్యయినా ఉండొచ్చు. ఆ సంఖ్యకు అర్థం ఏమిటన్నది మోడ్‌బస్‌కు పట్టదు, పరికరం తయారుచేసినవాడు తన మాన్యువల్‌లో చెప్పుకోవాలి. ఇవాళ్టికీ ఇది ఇంతగా వాడుకలో ఉండటానికి కారణం ఆ తేలికతనమే. మాలాంటివాళ్లకు పని దొరకడానికీ అదే కారణం.

గేట్‌వేను పక్కకు తప్పించి, లాప్‌టాప్‌కు యూఎస్‌బీ కన్వర్టర్ తగిలించి సెన్సార్‌ను నేరుగా అడిగాను. మామూలు నీళ్లలో డీఓకి సంబంధించిన రెండు రిజిస్టర్లు 55050, 16555 అని వచ్చాయి. దశాంశ సంఖ్యలను బిట్లలో రాసే ఐఈఈఈ 754 ప్రమాణం ప్రకారం 32 బిట్ల ఫ్లోట్‌గా కలిపితే, 16555ని ముందు పెట్టి 55050ని వెనక పెడితే 5.37 వస్తుంది. వచ్చిన వరసలోనే కలిపితే మైనస్ 152 లక్షల కోట్లు దాటుతుంది. మాన్యువల్‌లో మాత్రం "ఫ్లోట్, బిగ్ ఎండియన్" అని, అంటే పెద్ద బైటే ముందని, ఒక్క ముక్క రాశారు. ఒక రిజిస్టర్ లోపలి రెండు బైట్ల వరకు అది నిజమే, పెద్ద బైటే ముందు రావాలని మోడ్‌బస్ కూడా చెబుతుంది. రెండు రిజిస్టర్లలో ఏది ముందన్నది మోడ్‌బస్ చెప్పదు, ఈ మాన్యువల్ కూడా చెప్పలేదు. రిజిస్టర్ నంబర్ల సంగతీ అంతే. మాన్యువల్‌లో 40003 అని ఉంటే తీగ మీద పంపాల్సిన అడ్రస్ 2, ఎందుకంటే ప్రోటోకాల్‌లో లెక్క సున్నా నుంచి మొదలవుతుంది.

వీటి మీద నేను ఎక్కువ టైం పెట్టలేదు. ఇలాంటి గందరగోళం అరిచి చెప్పే రకం. మైనస్ లక్షల కోట్ల డీఓని ఎవరూ నమ్మరు కాబట్టి, సిస్టమ్ పెట్టిన రోజే నాలుగు రకాలుగా తిప్పి చూసి సరిచేసి ఉంటారు. నమ్మదగ్గ సంఖ్య రూపంలో వచ్చే తప్పు అలా దొరకదు. అందుకని సెన్సార్‌ను మూడు రకాలుగా ఇబ్బంది పెట్టి చూశాను.

మొదట సోడియం సల్ఫైట్ కలిపిన నీళ్లలో ముంచాను. ఆ నీళ్లలో ఆక్సిజన్ ఉండదు, జీరో కాలిబ్రేషన్‌కు వాడేది అదే. రీడింగ్ నెమ్మదిగా దిగి రెండు రిజిస్టర్లూ 0, 0 అయ్యాయి. ఇది అసలైన సున్నా.

తర్వాత సెన్సార్ కొన మీద ఉండే ఆప్టికల్ క్యాప్ విప్పేశాను. ఈసారి 0, 32704 వచ్చింది. వరస సరిచేసి ఫ్లోట్‌గా చదివితే అది సంఖ్యే కాదు. ఐఈఈఈ 754లో "ఇది సంఖ్య కాదు" అని చెప్పడానికే పెట్టిన గుర్తు అది, క్లుప్తంగా నాన్ అంటారు. అంటే సెన్సార్ నిజాయితీగా "నాకు కొలవడం చేతకావడం లేదు" అని చెబుతోంది. కరెంటు తీసి ఇచ్చినప్పుడు వేడెక్కే దాకా కూడా ఇదే పంపుతోంది.

చివరికి కనెక్టర్ పీకేశాను. జవాబే లేదు, లాప్‌టాప్‌లో టైమ్‌అవుట్.

తీగ మీద మూడూ మూడు వేర్వేరు సంగతులు. గేట్‌వేను మళ్లీ మధ్యలో పెట్టి అవే మూడు పరీక్షలు చేస్తే, గేట్‌వే నుంచి సర్వర్‌కు మూడుసార్లూ 0 అనే వెళ్లింది. ఫోన్‌లో మూడుసార్లూ ఆ సున్నాకు ముందు వచ్చిన రీడింగే నిలబడింది. బడి హాజరు పట్టీలో పిల్లవాడు రాలేదన్నా, అసలు పంతులే రాలేదన్నా ఒకే గుర్తు పెట్టి, ఆ గుర్తు చూసినవాళ్లు "నిన్న వచ్చాడుగా, ఇవాళా వచ్చే ఉంటాడు" అనుకున్నట్టుంది.

కనెక్టర్ విప్పి చూస్తే లోపల పచ్చగా చిలుము పట్టి ఉంది. ఉప్పుగాలికి ఇక్కడ ఇది మామూలే. జనరేటర్ అందుకునేటప్పుడు సప్లై ఒక్కసారి పడిపోయి, ఆ చిలుము పట్టిన పిన్నుల మీద సెన్సార్ సరిగ్గా లేవలేదని నా అంచనా. కేబుల్, కనెక్టర్ మార్చడం చిన్న పని. అది మార్చి ఊరుకుంటే వచ్చే ఏడాది ఇంకో గుంటలో ఇదే జరుగుతుంది.

ముగ్గురి కాగితాల్లో ఏముంది

సెన్సార్ మాన్యువల్: "లోపం ఉన్నప్పుడు చెల్లని విలువ పంపబడుతుంది." ఏ విలువ చెల్లదో లేదు.

గేట్‌వే వాళ్లు సెన్సార్ నుంచి తీసుకున్నదాన్ని జేసన్ అనే అక్షర రూపంలో, ఎంక్యూటీటీ అనే మెసేజ్ ప్రోటోకాల్ మీద పంపుతారు. జేసన్‌లో నాన్‌కు చోటు లేదు. జేసన్ ప్రమాణపత్రం ఆర్‌ఎఫ్‌సీ 8259 దాన్ని సంఖ్యగా రాయకూడదనే చెబుతుంది. దాంతో వాళ్ల ప్రోగ్రాం నాన్ వస్తే 0 అని రాసేస్తోంది. జవాబు రాకపోతే కూడా ముందే సున్నాతో నింపి ఉంచిన ఖాళీ బఫరే వెళ్తోంది. వాళ్ల కాగితంలో "విలువ: దశాంశ సంఖ్య" అని మాత్రమే ఉంది.

సర్వర్ వాళ్ల కథ ఇంకో రకం. మొదట్లో సెన్సార్ కడగడానికి బయటికి తీసి కేబుల్ ఊడదీసినప్పుడల్లా 0 వచ్చి, అర్ధరాత్రి అపరాత్రి అని లేకుండా రైతుల ఫోన్లకు అలారాలు పోయేవట. రైతులు విసుక్కున్నారు. దాంతో "0 వస్తే అది డేటా కాదు, పాత విలువ ఉంచు" అని ఒక ఫిల్టర్ పెట్టారు. టైం మాత్రం మెసేజ్ సర్వర్‌కు చేరిన టైమే వేస్తారు కాబట్టి, పాత విలువ పక్కన కొత్త టైం కనిపించేది.

విడివిడిగా చూస్తే ప్రతి నిర్ణయానికీ ఒక కారణం ఉంది. నాకు నిజంగా కోపం తెప్పించింది ఆ టైం ఒక్కటే. కొలిచిన టైం, చేరిన టైం వేర్వేరన్నది ఈ రంగంలో ఉన్నవాళ్లకు ఎవరూ నేర్పాల్సిన సంగతి కాదు.

గేట్‌వే వాళ్లతో ఫోన్‌లో ఒక వాదన నడిచింది. "సెన్సార్‌లో లోపం ఉంటే మోడ్‌బస్ ఎక్సెప్షన్ (తప్పు) కోడ్ 3 పంపాలి కదా, దాని పేరే ఇల్లీగల్ డేటా వాల్యూ" అన్నారు. పేరు చూస్తే అలాగే అనిపిస్తుంది. కానీ మోడ్‌బస్ స్పెసిఫికేషన్ ఆ కోడ్ దగ్గర ప్రత్యేకంగా ఒక మాట చేర్చింది. అడిగిన రిక్వెస్ట్ నిర్మాణంలో తప్పుంటే ఆ కోడ్ వాడాలి గానీ, రిజిస్టర్‌లోని విలువ అప్లికేషన్‌కు పనికిరాదని చెప్పడానికి కాదు, ఏ రిజిస్టర్‌లో ఏ విలువకు ఏం అర్థమో ప్రోటోకాల్‌కు తెలియదు, అని స్పష్టంగా రాసింది. ఆ పేరు చూసి ఇలా పొరబడతారని రాసినవాళ్లకు ముందే తెలిసినట్టుంది. అదే స్పెసిఫికేషన్‌లో గేట్‌వే వెనక ఉన్న పరికరం జవాబివ్వకపోతే చెప్పడానికి కోడ్ 11 కూడా ఉంది. వీళ్లు మోడ్‌బస్ వదిలి జేసన్‌లోకి దిగేటప్పుడు ఆ సమాచారం గట్టు మీదే వదిలేశారు.

పెద్ద ప్రోటోకాల్స్‌లోనూ ఉన్నదే

చిన్న కంపెనీల మాన్యువల్స్‌ను తిట్టడం తేలిక. ఇంటర్నెట్‌ను నడిపే కాగితాల్లోనూ ఇలాంటివి ఏళ్ల తరబడి ఉన్నాయి. వెబ్‌సైట్ పేర్లను అడ్రస్‌లుగా మార్చే డీఎన్‌ఎస్‌కు 1987లో వచ్చిన స్పెసిఫికేషన్, ఆర్‌ఎఫ్‌సీ 1035, ఒక జవాబును ఎంతసేపు దాచుకోవచ్చో చెప్పే టీటీఎల్ అనే విలువను ఒకచోట మైనస్ కూడా ఉండగల 32 బిట్ల సంఖ్య అంది, ఇంకోచోట మైనస్ లేని సంఖ్య అంది. పదేళ్లకు, 1997లో, ఆర్‌ఎఫ్‌సీ 2181 వచ్చి 0 నుంచి 2147483647 వరకే చెల్లుతుందని, పై బిట్ 1గా వస్తే మొత్తాన్ని సున్నాగా తీసుకోమని తేల్చింది. నాకు నచ్చేది ఆ రెండో ముక్క. చెల్లేవి ఏవో చెప్పి ఊరుకోలేదు, చెల్లనిది వస్తే ఏం చేయాలో కూడా చెప్పారు.

ఇంటర్నెట్‌లో డేటా చేరవేసే టీసీపీలో, అర్జెంట్ డేటా ఎక్కడ ముగుస్తుందో చూపే అర్జెంట్ పాయింటర్ సంగతి ఇంకా సాగింది. 1981 నాటి ఆర్‌ఎఫ్‌సీ 793లో ఒకచోట అది అర్జెంట్ డేటా తర్వాతి బైట్‌ను చూపిస్తుందని, ఇంకోచోట చివరి బైట్‌నే చూపిస్తుందని అర్థం వచ్చేలా ఉంది. 1989లో ఆర్‌ఎఫ్‌సీ 1122 "చివరి బైటే" అని తీర్పు ఇచ్చింది. ప్రోగ్రాములు రాసేవాళ్లు చాలామంది మాత్రం "తర్వాతి బైట్" పద్ధతే పట్టుకుని కూర్చున్నారు. చివరికి 2011లో ఆర్‌ఎఫ్‌సీ 6093 వాడుకకే తలవంచింది. వివరణ ఆలస్యమైతే అది ఎంత సరైనదైనా ఎవరూ వినరు.

మా కేసుకు దగ్గర బంధువు యూడీపీ, డేటా చేరవేసే ఇంకో ప్రోటోకాల్. 1980 నాటి ఆ మూడు పేజీల కాగితం, ఆర్‌ఎఫ్‌సీ 768, చెక్‌సమ్ (డేటా దారిలో చెడిందో లేదో చూసే లెక్క) చోట 0 ఉంటే "లెక్క కట్టలేదు" అని అర్థం అంది. మరి లెక్క కడితే నిజంగానే 0 వస్తే? అప్పుడు అన్ని బిట్లూ 1గా, అంటే 65535గా పంపమంది. ఆ అంకగణితంలో రెండూ ఒకటే కాబట్టి నష్టం లేదు. "లేదు", "సున్నా" ఈ రెండూ కలిసిపోకుండా నాలుగు దశాబ్దాల కిందటే ఒక్క వాక్యంతో కట్టడి చేశారు. గేట్‌వే వాళ్లకు పంపిన మెయిల్‌లో ఈ ఉదాహరణే పెట్టాను.

వివరణ అడిగిన పద్ధతి

"మీ స్పెసిఫికేషన్‌లో ఫలానా చోట అర్థం కాలేదు, వివరించండి" అని రాస్తే మాన్యువల్‌లోని అదే వాక్యం తిరిగి వస్తుంది. అందుకని మాటలతో అడగలేదు, బిట్లతో అడిగాను. ఒక పట్టిక వేశాను. ఎడమవైపు తీగ మీద నేను చూసిన రిజిస్టర్ విలువలు, ఆ పరిస్థితి ఎలా తెప్పించానో. కుడివైపు మూడు ఖాళీ నిలువు వరసలు: సెన్సార్ వాళ్లు దీన్ని ఏ ఉద్దేశంతో పంపారు, గేట్‌వే దీన్ని ఏమని రాస్తుంది, సర్వర్ దీన్ని చూసి ఏం చేస్తుంది. ఒకే పట్టికను ముగ్గురికీ పంపి, ఎవరి వరస వాళ్లను నింపమన్నాను. 65535, 65535 వస్తే? మైనస్ విలువ వస్తే? ఒక రిజిస్టర్ పాతది, ఇంకొకటి కొత్తది కలిసి వచ్చే అవకాశం ఉందా? ఇలాంటి అడ్డు వరసలు కూడా చేర్చాను.

ఈ పద్ధతిలో ఉన్న మేలు ఏమిటంటే వాదించాల్సిన పని ఉండదు. నింపిన పట్టికలు పక్కపక్కన పెడితే 0, 32704 అన్న వరసలో సెన్సార్ వాళ్లది "లోపం, వాడకండి", గేట్‌వే వాళ్లది "0", సర్వర్ వాళ్లది "పాత విలువ" అని కనిపించింది. ఆ వరస చదివాక ఎవరూ ఎవరినీ ఏమీ అనలేదు.

సెన్సార్ వాళ్ల దగ్గరి నుంచి అనుకోని లాభం ఒకటి వచ్చింది. మాన్యువల్‌లో "రిజర్వుడ్" అని వదిలేసిన ఒక రిజిస్టర్ నిజానికి స్టేటస్ రిజిస్టరట. వేడెక్కుతోంది, ఆప్టిక్స్ లోపం, టెంపరేచర్ లోపం అని ఒక్కోదానికి ఒక్కో బిట్ ఉంది. మిగతా బిట్ల సంగతేమిటని అడిగితే "ఇప్పటికి సున్నా" అన్నారు. రేపు 1 అయితే చదివేవాడు పట్టించుకోకూడదా, ఆగిపోవాలా? పట్టించుకోవద్దని రాతపూర్వకంగా తీసుకున్నాను.

ఇంకో వరసలో ఎవరూ అనుకోనిది బయటపడింది. ఈ రకం ఆప్టికల్ సెన్సార్ నేరుగా మిల్లీగ్రాములు కొలవదు. ఆక్సిజన్ పీడనాన్ని పట్టుకుని, టెంపరేచర్, ఉప్పు శాతం బట్టి లెక్కకట్టి చెబుతుంది. ఆ ఉప్పు శాతం ఒక రిజిస్టర్‌లో మనం రాయాలి, ఫ్యాక్టరీ నుంచి వచ్చేటప్పుడు అందులో 0 ఉంటుంది. ఇక్కడ 0 అంటే "ఎవరూ ఏమీ రాయలేదు" అనా, "మంచినీళ్లు" అనా? సెన్సార్ మంచినీళ్లనే అనుకుంటుంది. 30 డిగ్రీల మంచినీళ్లు పట్టుకోగల ఆక్సిజన్ లీటరుకు సుమారు 7.5 మిల్లీగ్రాములు, లీటరుకు 20 గ్రాముల ఉప్పున్న నీళ్లలో అది 6.7 దగ్గరికి పడిపోతుంది. అంటే ఫోన్‌లో 4.6 కనిపించినప్పుడు గుంటలో ఉన్నది 4.1 లాంటిది. ఆ రాత్రి ఆగిపోయిన 4.61 కూడా ఆగకముందే ఎక్కువ చూపిస్తోందన్నమాట.

ఏం మార్చారు

మెసేజ్‌లో ఇప్పుడు మూడు గడులు: విలువ, స్థితి, కొలిచిన టైం. స్థితి బాగోలేనప్పుడు విలువ చోట నల్, అంటే "విలువ లేదు" అనే గుర్తు, ఉంటుంది, 0 ఎట్టి పరిస్థితిలోనూ ఉండదు. ఆ గడినే తీసేస్తే సరిపోతుందని గేట్‌వే వాళ్లు అన్నారు. నేను ఒప్పుకోలేదు. గడి లేకపోతే అది లోపమా, పాత సాఫ్ట్‌వేర్ ఉన్న గేట్‌వేనా అన్నది చదివేవాడికి తెలియదు. లేదు అని రాసి ఉండటం వేరు, రాయకపోవడం వేరు.

టైం దగ్గర మళ్లీ ఒక సున్నా ఎదురైంది. గేట్‌వేలో గడియారానికి బ్యాటరీ లేదు. కరెంటు పోయి వచ్చాక నెట్‌వర్క్ నుంచి టైం తెచ్చుకునే దాకా అది తన లెక్కలో సున్నా అయిన 1970 జనవరి 1 నుంచి మొదలుపెడుతుంది. ఆ తేదీతో వచ్చిన రీడింగ్‌ను "గడియారం సరిగా లేదు" అనే స్థితి కింద చేర్చారు. కొలిచిన టైం మెసేజ్ లోపలికి వచ్చాక ఎంక్యూటీటీలో ఇంకో చిక్కు కూడా తీరింది: సర్వర్ తిరిగి కనెక్ట్ అయినప్పుడు, మధ్యలో మెసేజ్‌లు అందించే బ్రోకర్ దాచి ఉంచిన పాత మెసేజ్ అందుతుంది, దాన్ని ఇక కొత్తదనుకునే వీల్లేదు.

సర్వర్ వాళ్లు ఫిల్టర్ తీసేశారు. సెన్సార్ కడిగేటప్పుడు అలారం రాకుండా యాప్‌లో "శుభ్రం చేస్తున్నాం" అని ఒక బటన్ పెట్టారు. మొదటే ఇది పెట్టి ఉండాల్సింది.

రీడింగ్ లేనప్పుడు ఏరేటర్లు ఏం చేయాలన్నది మాత్రం ఏ స్పెసిఫికేషన్‌లోనూ దొరకదు, రైతును అడగాల్సిందే. పది నిమిషాలు రీడింగ్ రాకపోతే అన్నీ ఆన్ చేయమందామా, జనరేటర్ మీద ఉంటే డీజిల్ ఖర్చు పెరుగుతుంది అన్నాను.

"డీజిల్ సంగతి నేను చూసుకుంటాలే అబ్బయ్యా. తెలీకపోతే తెలీదని చెప్పమను ఆ మిషన్ని. తెలిసినట్టు చెప్పబట్టే గదా ఇంత జరిగింది" అన్నాడు.

అలాగే పెట్టాం.

ఇంకా తెగనివి

సెన్సార్ నీళ్లలోంచి బయటపడితే గాలిని కొలుస్తుంది. స్థితి బాగుంటుంది, టైం సరిగా ఉంటుంది, విలువ కూడా 7 దగ్గర ముచ్చటగా ఉంటుంది. నీళ్లు మార్చేటప్పుడు గుంట మట్టం తగ్గితే ఇది జరగొచ్చు. రిజిస్టర్‌లో ఏ బిట్టూ దీన్ని పట్టుకోలేదు. సెన్సార్‌ను కర్రకు కట్టడం మాని, తేలే డబ్బాకు వేలాడదీసి మట్టంతో పాటు దిగేలా చేశాం.

ఉప్పు శాతం రిజిస్టర్‌లో, ఉప్పు కొలిచే రిఫ్రాక్టోమీటర్‌తో చూసి 18 (లీటరుకు గ్రాముల్లో) రాశాను. ఈశాన్య రుతుపవనాల వానలు పడ్డాక అది పడిపోతుంది, ఎండాకాలంలో మళ్లీ ఎక్కుతుంది. యాప్ నుంచి ఆ సంఖ్య మార్చే వీలు ఇంకా రాలేదు. అడిగితే, వచ్చే వెర్షన్‌లో పెడతామన్నారు. ఆ గడి ఖాళీగా వదిలేస్తే సెన్సార్‌కు ఏం పంపుతారో రాసి పంపమన్నాను. జవాబు రావాలి.